చిన్న గేటు

కడప టౌన్లో సగం షట్టర్లు నేను బిగించినవే.
ఏది ఎన్నింటికి లేస్తాదో, ఏది సగమే లేసి ఆగుతాదో,
దేని కింద దూరాలంటే నడుము ఎంత వంచాల్నో
నా వీపుకు తెలుసు.
ఎవురన్నా అడ్రసు అడిగితే
వైను షాపుల గుర్తులే చెప్తా.

ఇప్పుడు అడ్రసు కావాల్సింది నాకు.

రిమ్స్‌లో డ్రిప్పు తీస్తా గ్రేసమ్మ సిస్టరు
మాత్రల కవరు చింపి వెనక రాసిచ్చింది:
గురువారం. ఆరున్నర. బడి వెనక గది. చిన్న గేటు.
"ఏం మీటింగమ్మా" అంటే
"పోతే తెలుస్తాది ఓబుళేసూ" అనింది.

మూడు వారాలు ఆ చీటీ
చొక్కా నుంచి చొక్కాకు మారుకుంటా తిరిగింది.
ఒకసారి ఉతుక్కు గూడా పోయింది.
నాగరత్న దాన్ని ఆరబెట్టి
అద్దం ముందర, దువ్వెన కింద పెట్టింది.
చదివిందో లేదో చెప్పలే.

ఎర్రముక్కపల్లె కాడ ఇస్త్రీ బండాయన్ను అడిగినా,
"ఈడ ఏదో మీటింగంట..."
బొగ్గుల పెట్టె ఎత్తి పట్టుకోని ఆలోచించినాడు.
"పార్టీదా? చీటీలదా? దేవుడిదా?"
తాగుబోతులది అనే మాట
నాలిక మింద దాకా వచ్చి
ఆ పెట్టెలో నిప్పు మాదిరి చురుక్కుమంటే
మింగేసి, "దేవుడిదే" అన్నా.

దేవుడి కాడికే పంపినాడు పుణ్యాత్ముడు.
మిద్దె మింద, చాప మింద చోటిచ్చినారు.
పక్కనున్న ముసలామె
నా పుస్తకంలో పేజీ గూడా తానే తిప్పింది.
రెండు పాటలైనాక గానీ
నేను రావాల్సింది ఈడికి కాదని లేయలేకపోయినా.
కుప్పలో నా చెప్పులు దొరికేసరికి ఏడు.

దిగితే ఎదురుగా నేను బిగించిన షట్టరే.
నీలం రంగు, రెండు కోట్లు, నేనే వేసినా.
కౌంటర్లో పిల్లోడు నన్ను చూసి
అడగకుండానే క్వార్టరు తీసి పెట్టినాడు.
ఈ ఊర్లో నేను నోరు తెరవక ముందే
నాకేం కావాల్నో తెలిసినోడు వాడొక్కడే.
జేబులో చెయ్యి పెడితే
నోటు కంటే ముందు చీటీ తగిలింది.
అదేం గొప్ప సంగతి కాదు.
నోటు కింద ఉండింది, అంతే.

బడి వెనక సందులో మూడు సార్లు అటూ ఇటూ పోయినా.
గేటుకు అడ్డంగా స్కూటరు, దాని మింద ఒక పెద్దాయన,
చెవిలో అగ్గిపుల్ల తిప్పుకుంటా.
మొదటిసారి నన్ను చూడలే.
రెండోసారీ చూడలే.
మూడోసారి స్కూటరు దిగి, స్టాండు తీసి,
దాన్ని రెండు మూరలు పక్కకు జరిపి
మళ్లా అగ్గిపుల్ల పనిలో పడినాడు.

గేటు కీసుమనింది. లోపల అందరూ తిరిగి చూసినారు.

మూడో తరగతి గది.
బెంచీ మింద కూచుంటే మోకాళ్లు గడ్డానికి తగులుతాండాయి.
బోర్డు మింద తుడవని ఎక్కం:
తొమ్మిదేళ్లు అరవైమూడు.
దాని కింద కూచున్నాయనకు
తాగి నిజంగానే తొమ్మిదేళ్లంట.
మూలన ఒకామె, సంచి ఒళ్లో పెట్టుకోని,
నలభై దినాలు అనింది.
గాజుల చేతులు, నావి మాదిరే వణుకుతాండాయి.
ఈ చేతులతోనే పోయిన నెల
కాలేజీ గ్రిల్లుకు వెల్డింగు పెడితే
అతుకు పాము మాదిరి పోయింది,
మేస్త్రీ కూలి పట్టుకున్నాడు.

నా వంతు వచ్చింది. పేరు చెప్పినా.
పేరు తర్వాత,
ఇస్త్రీ బండి కాడ మింగిన మాట చెప్పినా.
"ఎన్ని దినాలు" అన్నారు.
"పొద్దున్నించి" అన్నా.
ఎవురూ నవ్వలే. చప్పట్లు కొట్టినారు.
సిగ్గేసింది.
"పొద్దున్నించి కాదు, పదకొండింటి నుంచి" అన్నా.
మళ్లా కొట్టినారు.

టీలో చక్కెర ఎక్కువ.
గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటే
ఎవురి గ్లాసు వాళ్లు చూసుకున్నారు.

ఇంటికొస్తే నాగరత్న "యాడికి పోయినావు" అనలే.
నేనే చెప్పినా,
ఆ బడి గేటు కీలు ఎండిపోయింది,
వచ్చే గురువారం గ్రీజు తీసకపోవాల.
చెంబుతో నీళ్లు పెట్టి చాన్సేపు నిలబడింది.
"డబ్బా అటక మింద ఉండాది,
అడుగున కొంచెమే.
చాలుతాదేమో చూడు" అనింది.